మా మొదటి కారు

మనుష్యునకు తాను చదివిన మొదటి బడి, అందుకొన్న మొదటి జీతము, కాపురమున్న మొదటి ఇల్లు జ్ఞాపకముండును. ఆ వరుసలో మొదటి కారును కూడ చేర్చినచో నేటి యువకులకు వింతగా తోచవచ్చును. ఏలయన, నేడు ఏలూరు వీధులలో కారు నిలుపుటకు చోటు దొరకుట కష్టము గాని, కారు దొరకుట కష్టము కాదు. నేను చెప్పబోవునది 1976వ సంవత్సరపు మాట. అప్పుడు మా వీధిలో నలుబది గడపలుండెను. కారు ఒక్కటియు లేదు. ఒక స్కూటరు, రెండు మోటారు సైకిళ్ళు, ఇంటికొక సైకిలు, వీధి చివర రావిచెట్టు క్రింద మూడు రిక్షాలు. మా వీధి వాహన సంపద అంతయు ఇదియే.

నేను ఏలూరు కోర్టులలో న్యాయవాదిగా చేరి అప్పటికి పదేండ్లయినది. కక్షిదారుల పనిమీద తణుకు, భీమవరము, కొవ్వూరు తిరుగవలసి వచ్చుచుండెను. బస్సులో ఒంటి కాలిమీద నిలబడి, కాగితముల సంచిని గుండెకు హత్తుకొని పోవునప్పుడెల్ల నా మనస్సు సొంత కారు మీదికి పోవుచుండెడిది. అయితే ఆ రోజులలో కొత్త కారు కొనుట డబ్బుతో మాత్రమే జరుగు పని కాదు. కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సు వారు అంబాసిడరును, బొంబాయిలో ప్రీమియరు వారు ఫియట్టును, మద్రాసులో స్టాండర్డు వారు తమ కార్లను చేయుచుండిరి. దేశమున కొనదగిన కార్లు ముఖ్యముగా ఈ మూడే. ఎవరెన్ని కార్లు చేయవలయునో ప్రభుత్వపు అనుమతి పత్రములే నిర్ణయించుచుండెను. కొనగోరువాడు ముందుగా సొమ్ము కట్టి, పేరు వ్రాయించుకొని, ఏండ్ల తరబడి ఎదురు చూడవలసినదే. అందుచేత పాత కారునకు కూడ పెండ్లికొడుకునకున్నంత గిరాకి యుండెడిది.

తాడేపల్లిగూడెములో నా కక్షిదారులైన రైసుమిల్లు యజమాని ఒకరు తమ అంబాసిడరును అమ్మదలచినారని తెలిసి నేను వెంటనే రైలెక్కితిని. అది 1968లో తయారైన మార్కు రెండు బండి. పాల మీగడ రంగు. ముందు సీటు బల్లవలె ఈ చివరనుండి ఆ చివర వరకు ఒకే పొడవున ఉండెను. గేరు కడ్డీ నేటివలె నేలనుండి లేచినది గాక, స్టీరింగు చక్రము ప్రక్కనే యుండెను. ఇంజను నాలుగు సిలిండర్లది, 1489 సీసీలది. చలికి మొరాయించినచో ముందు నుండి ఇనుప హేండిలు దూర్చి త్రిప్పవలయును. బేరము పదమూడు వేలకు కుదిరినది. ఆ సొమ్ము కొరకు మా ఊరిలో నా వాటాకు వచ్చిన మాగాణిలో డెబ్బది సెంట్లు అమ్మితిని.

మా నాన్నగారు ఈ సంగతి విని కోపపడలేదు. అరుగు మీద కూర్చుండి ఒక్క మాట మాత్రమే యనిరి.

"నేల అమ్మి ఇనుము కొంటున్నావురా అబ్బాయీ. నేల పండుతుంది. ఇనుము తుప్పు పడుతుంది."

నేను బదులు చెప్పలేదు. ముప్పది యైదేండ్ల వయస్సులో కారు మీద మోజు పడినవానికి తుప్పు సంగతి చెవికెక్కునా?

కారు కొంటిని గాని నాకు తోలుట రాదు. మిల్లు యజమానిగారి డ్రైవరు పది దినములలో నేర్పెదనని మాట ఇచ్చెను. అందుకు తగిన స్థలము గూడెములోనే యున్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బ్రిటిషువారు విమానములు దిగుటకై అచ్చట ఒక పొడవైన బాట వేసిరి. యుద్ధము ముగిసినది, విమానములు పోయినవి, బాట మాత్రము మిగిలినది. నేను పోవునప్పటికి దానిమీద మేకలు ఎండ కాగుచుండెను, పిల్లలు సైకిలు నేర్చుకొనుచుండిరి. ఎదురు వచ్చు బండి లేదు, మలుపు లేదు, ప్రక్కన కాలువ లేదు. శత్రువిమానముల భయముతో వేసిన ఆ బాట, నావంటి భయస్థులకు ఎంత మేలు చేసినదో లెక్క లేదు. నేడు తాడేపల్లిగూడెములో 2015లో స్థాపితమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది, దేశము నలుమూలలనుండి విద్యార్థులు వచ్చి చదువుచున్నారు. నా దృష్టిలో ఆ ఊరి మొదటి సాంకేతిక విద్యాలయము మాత్రము ఆ విమానముల బాటయే.

మొదటి నాలుగు దినములు నా క్లచ్చి కాలు, గేరు చేయి ఒకదానితో నొకటి మాటలాడుకొనలేదు. డ్రైవరు నవ్వి, "బాబుగారండీ, ఇప్పటికింకా బండే మిమ్మల్ని తోలుతోందండి" అనెను. అయిదవనాడు బండి నా మాట వినుట మొదలు పెట్టినది. పదియవనాడు లైసెన్సు పరీక్షకు సిద్ధమైతిని. ఆ పరీక్ష గట్టెక్కిన మరుసటి ఆదివారము డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఏలూరునకు బయలుదేరితిని. ఉంగుటూరు, కైకరము, పుల్ల, భీమడోలు, గుండుగొలను. ఎన్నిమారులో బస్సులో దాటిన ఊళ్ళే, కాని నాడు ప్రతి ఊరును నన్ను పేరు పెట్టి పిలిచినట్లుండెను. గోదావరి నీరు తెచ్చు ఏలూరు కాలువ దారి పొడుగున అప్పుడప్పుడు కనబడుచు మాకు తోడు వచ్చినది. కృష్ణ నుండి ఒక కాలువ, గోదావరి నుండి ఒక కాలువ వచ్చి కలియు ఊరు మా ఏలూరు. మా నాన్నగారు చిన్నతనమున ఈ కాలువలలో పడవ మీద రాత్రి నిద్రించి తెల్లవారి బెజవాడలో దిగెడివారట. నేను ముప్పది మైళ్ళ లోపు దారిని గంటన్నరలో దాటి, అదే మహావేగమని మురిసితిని.

మా వీధిలోనికి కారు వచ్చినప్పుడు జరిగిన సంబరము వర్ణింప నవసరము లేదు. చక్రముల క్రింద నిమ్మకాయలు, ముందు అద్దమునకు పసుపు కుంకుమలు, పిల్లలందరకు హారను మ్రోగించు హక్కు. రావిచెట్టు క్రింది రిక్షావారిలో పెద్దవాడైన ఒకతడు దగ్గరకు వచ్చి, బండి చుట్టు ఒకమారు తిరిగి చూచి, "రోజూ పొద్దున్నే నేను తుడుస్తానండి బాబుగారూ. దుమ్ము పట్టనిస్తే రంగు చచ్చిపోద్దండి" అనెను. నేను నెలకింత యని ఇచ్చుటకు ఒప్పుకొంటిని. ఆనాటినుండి తెల్లవారకముందే బండి మీద తడిగుడ్డ చప్పుడు మాకు కోడికూత యైనది. చలికాలమున హేండిలు వేసి ఇంజను లేపువాడును అతడే. ఆ హేండిలు వెనుకకు తన్నినచో మణికట్టు విరుగును. నాకు దానిని ముట్టుకొనుటకే భయము.

ఇంతవరకు చెప్పినవన్నియు తీపి జ్ఞాపకములే. ఇక చెప్పబోవునది నేనిదివరకు ఎవ్వరితోను చెప్పనిది.

1979వ సంవత్సరము శ్రావణమాసము. రెండు దినములుగా ముసురు. వీధిలో చీలమండల లోతున నీరు నిలిచినది. కంటి వైద్యమునకై మా నాన్నగారు మా ఇంటనే యుండిరి. రాత్రి పదకొండు దాటిన తరువాత తలుపు చప్పుడైనది. తీసి చూడగా ఆ రిక్షా పెద్ద నిలువెల్ల తడిసి నిలబడి యున్నాడు.

"బాబుగారండీ, పురిటికొచ్చిన మా అమ్మాయికి నొప్పులు మొదలైనాయండి. తొలికానుపు. పెద్దాసుపత్రి దాకా బండి..."

అతడు మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయవలసిన పనియు లేదు. ఆ వారమే నేను బండి లోపలి సీట్లకు తెల్లని గుడ్డతో తొడుగులు కుట్టించి యుంటిని. మరునాడు ఆ బండిలో కక్షిదారులను తణుకు తీసికొని పోవలసి యున్నది. ఆ తెల్లని తొడుగులు నా కన్నుల ముందు మెదలినవి. నా నోటినుండి వచ్చిన మాట ఇది.

"బ్యాటరీ దిగిపోయిందోయ్. బండి లేవదు."

"హేండిలు వేసి చూడనాండీ?"

"దానికీ లేవదు."

అతడు ఒక్క క్షణము బండివైపు చూచెను. "సరేనండి" అని వెడలిపోయెను. కొద్దిసేపటికి వీధిలో నీటిని చీల్చుకొని పోవు రిక్షా చప్పుడు వినబడినది. కిటికీలోనుండి చూచితిని. తోపు గోనెపట్టా కట్టిన రిక్షాలో తల్లి, కూతురు ఉండిరి. అతడు సీటు మీద కూర్చుండక, నిలబడి తొక్కుచుండెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పినచో అబద్ధమగును. పట్టినది. అదియే నాకు నేటికిని సిగ్గు.

తెల్లవారినది. తడిగుడ్డ చప్పుడు వినబడలేదు గాని పదిమంది మాటలు వినబడినవి. బయటకు వచ్చి చూడగా అతడు నలుగురు కుర్రవాండ్రను వెంటబెట్టుకొని బండి వెనుక నిలిచి యున్నాడు. అతని కన్నులు నిద్ర లేక ఎఱ్ఱబడినవి, ముఖము మాత్రము వెలుగుచున్నది.

"ఆడపిల్లండి. ఇద్దరూ కులాసాగా ఉన్నారండి. బండి లేవదన్నారు కదండీ, తవరు తణుకెళ్ళాలని నిన్న అనుకున్నారు. తోసి లేపుదామని కుర్రాళ్ళని తీసుకొచ్చానండి."

నేనేమి చేయవలెను? నిజము చెప్పుటకు అది సమయము. చెప్పలేకపోతిని. బండిలో కూర్చుండి, రెండవ గేరు వేసి, క్లచ్చి త్రొక్కి పట్టితిని. వారు అయిదుగురును బురదలో కాళ్ళు తన్నిపెట్టి తోసిరి. క్లచ్చి వదలగానే ఇంజను లేచినది. మంచి బ్యాటరీ గల బండి లేవక యేమి చేయును? కుర్రవాండ్రు కేక వేసిరి. అతడు మోచేతితో నుదుటి చెమట తుడుచుకొని నవ్వెను. అరుగు మీద మా నాన్నగారు కూర్చుండి చూచుచుండిరి. ముందటి సాయంకాలము నేను రెండు దీపములు దేదీప్యమానముగా వెలిగించుకొని కోర్టునుండి వచ్చుటయు వారు చూచియేయుండిరి. కంటి జబ్బు గలవారైనను ఆ పాటి వెలుగు వారికి తెలియకపోదు.

వారు పగలంతయు మాటలాడలేదు. రాత్రి భోజనముల దగ్గర మజ్జిగ పోసికొనుచు అడిగిరి.

"మన చేని గట్టు మీద ఎవరైనా నడిచి పోతుంటే మనం ఎప్పుడైనా వద్దన్నామట్రా?"

"లేదండి."

"గట్టు మనదే. నడక అందరిదీ."

అంతే. ఆ తరువాత వారు నన్నేమియు అనలేదు. గోదావరి మండలములో పుట్టినవానికి ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. చేను ఎవరిదైనను, గట్టు దాటనిదే ఎవడును తన చేనికి పోలేడు. గట్టు మీద ముళ్ళకంప వేసినవాడు ఊరిలో బ్రతుకలేడు. నేను నేల అమ్మి ఇనుము కొంటినని వారు బాధపడలేదు. నేలతో పాటు నేల నేర్పిన మర్యాదను కూడ అమ్మితినని బాధపడిరి.

మరునాడు ఆ తెల్లని తొడుగులు తీయించి ముదురు రంగు గుడ్డతో కుట్టించితిని. వీధి తలుపు ప్రక్కన ఒక మేకు కొట్టి, కారు తాళపుచెవి దానికి తగిలించితిని. "రాత్రియైనను, పగలైనను అవసరము పడినవారు ఆ చెవి తీసి నా చేతికి ఇచ్చినచో చాలును, కారణము చెప్పనక్కర లేదు" అని వీధిలో అందరకు తెలియజేసితిని. ఆ మేకు మీద చెవి పదమూడేండ్లు వ్రేలాడినది. దానివలన ఆసుపత్రికి చేరినవారెందరో, రైలందుకొన్నవారెందరో, పెండ్లిపందిరికి ఊరేగినవారెందరో నేను లెక్క వ్రాయలేదు. 1986 ఆగస్టులో గోదావరి పొంగి ఊళ్ళను ముంచినప్పుడు, ఆ వెనుక సీటును తీసివేసి బియ్యపు బస్తాలు, పాత బట్టల మూటలు కొవ్వూరు వైపు చేర్చినాము.

ఆ బండి చేసిన ప్రయాణములలో నాకు మిక్కిలి ఇష్టమైనది కొల్లేటి ప్రయాణము. 1980 ఫాల్గుణములో కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతర వచ్చినది. నెలలు నిండక ముందే వర్షములో లోకము చూచిన ఆ పసిపాపకు అమ్మవారి దర్శనము చేయించవలెనని తాతకు మ్రొక్కు ఉన్నది. మా వాండ్రు, వారి వాండ్రు కలిసి తొమ్మిదిమందిమి బయలుదేరితిమి. అంబాసిడరుకు తొమ్మిదిమంది ఒక లెక్క కాదు. కొల్లేటిని చుట్టి గణపవరము, ఉండి, ఆకివీడు మీదుగా పోయి, ఉప్పుటేరు దాటి ఆలపాడు దగ్గర బండి నిలిపి, అచ్చటనుండి పడవ ఎక్కుట మా ఏర్పాటు.

రిక్షా పెద్దను నేను బలవంతముగా ముందు సీటులో నా ప్రక్కన కూర్చుండబెట్టితిని. మూడేండ్లుగా తాను తుడుచుచున్న బండిలో అతడు కూర్చుండుట అదే మొదటిమారు. ఉంగుటూరు దాటువరకు మాటలాడలేదు. నేను క్రిందికి చూచితిని. అతని పాదములు రెండును ఒకదాని తరువాత నొకటి మెల్లగా కదలుచున్నవి. నేను చూచుట గమనించి నవ్వెను.

"కాళ్ళు ఊరికే ఉంటే ఏదోలా ఉందండి. దారి జరుగుతోంది, నా కాళ్ళు జరగట్లేదు."

ఆ మాటకు బండిలో అందరును నవ్విరి. నేను మాత్రము నవ్వలేకపోతిని. ఆ వర్షపు రాత్రి నిలబడి తొక్కిన కాళ్ళు అవి.

నాటి కొల్లేరు నా కన్నులలో నేటికిని ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ దేవుడు పెట్టిన పళ్ళెమువంటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని తనలో నిలుపుకొని, మెల్లమెల్లగా ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పంపును. అది పట్టుకొననిచో ఆ నీరు చేల మీద పడవలసినదే. ఫాల్గుణము గనుక నీరు తీసి యుండెను. పడవకు రెండు ప్రక్కల తామరాకులు, గుర్రపుడెక్క, దూరమున గూడబాతుల గుంపులు. పసిపాప తల్లి ఒడిలో నిద్రించుచుండగా తాత పడవ అంచుననుండి చేయి చాచి నీరు తాకి ఆమె నుదుట అద్దెను.

ఆ తరువాత కొల్లేటిలో చేపల చెరువులు పెరిగినవి. చెరువుతో పాటు దాని గట్టు పెరిగినది. అవి నడుచుటకు వేసిన గట్లు కావు, నీటిని పంచుకొని ఇది నాదని చెప్పుటకు వేసిన గట్లు. 1999లో ప్రభుత్వము ఆ సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల మేరను వన్యప్రాణుల రక్షితస్థలముగా ప్రకటించినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలలో దానికి స్థానము లభించినది. 2006లో అక్రమముగా వేసిన గట్లు అనేకము త్రెంచివేయబడినవి. నేడు ఏలూరు నుండి కైకలూరునకు సరస్సు నడుమగానే కార్లు పోవుచున్నవి. అయినను పెద్ద వరద వచ్చినప్పుడు చిన ఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కి అందరిని ఆపివేయును. తన నడకకు చోటు లేకుండ చేసినచో ఏ నీరైనను అట్లే చేయును. ఆ వార్త విన్నప్పుడెల్ల మా నాన్నగారి మాట నాకు జ్ఞాపకము వచ్చును.

1983 డిసెంబరులో మారుతి కారు వచ్చినది. చిన్నది, చురుకైనది, హేండిలు అక్కరలేనిది. మెల్లగా మా వీధిలో ఒకటి, రెండు, అయిదు కార్లు వచ్చినవి. మేకు మీది చెవి తీయువారు తగ్గిరి. 1992లో నేనును మా అంబాసిడరును తాడేపల్లిగూడెములోని ఒక మెకానిక్కుకు అమ్మివేసితిని. హేండిలు మాత్రము ఇయ్యక ఉంచుకొంటిని. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారములో అంబాసిడరు తయారీ నిలిచిపోయినదని పత్రికలలో చదివిననాడు ఆ హేండిలును తీసి తుడిచి మరల పెట్టితిని. నాన్నగారు చెప్పినట్లు దానికి తుప్పు పట్టినది.

రిక్షా పెద్ద 1998లో కాలము చేసెను. ఆ పసిపాప పెరిగి, చదువుకొని, నేడు తాడేపల్లిగూడెములో పిల్లలకు చదువు చెప్పుచున్నది. క్రిందటేడు దసరాకు ఒక కొత్త కారు మా ఇంటి ముందు ఆగినది. తోలుచున్నది ఆమెయే. దిగి వచ్చి నా పాదములకు నమస్కరించి, "మా మొదటి కారండి తాతగారూ. మీకు చూపించాలని తెచ్చాను" అనినది. నిమ్మకాయలు తెప్పించి చక్రముల క్రింద పెట్టించితిని. అప్పుడామె నవ్వుచు ఇట్లనినది.

"మా తాత ఎప్పుడూ అనేవాడండి. నువ్వు అంబాసిడరులో ఆసుపత్రికి వెళ్ళవలసినదానివి, పాపం ఆ రాత్రి బాబుగారి బ్యాటరీ దిగిపోయింది, అని."

అతడు నా మాటను నమ్మెనో, నమ్మినట్లుండెనో నాకు తెలియదు. ఇరువది యేండ్లు ఆ మాటను నా పక్షమున నిలిపి, మనుమరాలికి కూడ అట్లే అప్పగించి పోయెను. నాడు ఆమె ముందు నేను నోరు విప్పలేకపోతిని. గట్టును గూర్చి మా నాన్నగారన్న మాట చెప్పితిని, తాళపుచెవికి వీధి తలుపు దగ్గర ఒక మేకు కొట్టుకొమ్మంటిని. మిగిలిన దానిని దాచితిని.

ఈ ప్రసంగము ఆమె ఇంటిలో కూడ వినబడునని తెలిసియే ఇది చెప్పుచున్నాను. అమ్మా, ఆ రాత్రి బ్యాటరీ దిగలేదు.